పోటు నీరా, పాటు నీరా: డెల్టాలో పర్యావరణ ప్రభావ నివేదికను చదవడం ఎలా

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. కోనసీమలో గోదావరి వైనతేయ పాయకు ఇవతల, మీ ఊరి వరిచేలలో గ్యాసు బావులు, ఒక గ్యాసు సేకరణ కేంద్రం రాబోతున్నాయి. ప్రజాభిప్రాయ సేకరణకు నోటీసు పడింది. పంచాయతీ ఆఫీసులో నాలుగు వందల పైచిలుకు పేజీల ఇంగ్లీషు నివేదిక, దానికి పదిహేను పేజీల తెలుగు సారాంశం పెట్టారు. ఏ పేజీ తిప్పినా ‘ప్రభావం స్వల్పం’ అని ఉంది. దీన్ని నమ్మాలా, నమ్మకపోతే ఏ మాట పట్టుకుని అడగాలి, అసలు ఈ అంచనాలను ఇంతకంటే బాగా చేయించే దారి ఉందా అన్నది మీ ప్రశ్న.

ముందే ఒక సంగతి చెప్పాలి. ఇలాంటి నివేదికల్లో నీటి అధ్యాయం రాయడమే ఇరవై రెండేళ్లు నాకు కూడు పెట్టిన పని. కంపెనీలు నియమించుకునే సలహా సంస్థల్లోనే చేశాను. ఈ నివేదికలన్నీ మోసమని నేను అనను. రాసేవాళ్లలో చదువుకున్నవాళ్లున్నారు, ఎండనపడి తిరిగి నమూనాలు తెచ్చే కుర్రాళ్లున్నారు. అంకెలు చాలావరకు నిజంగా కొలిచినవే. అయితే ఆ అంకె ఏ చోట, ఏ వేళ తీసుకున్నారన్న దగ్గర అసలు చిక్కు ఉంటుంది. డెల్టాలో ఆ తేడా కొంప ముంచుతుంది.

అది నాకు తెలిసిన రోజు చెబుతాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. తూర్పు డెల్టాలో ఒక పెద్ద మురుగు కాలువ ఏటిలో కలిసే చోట, స్లూయిజు తలుపుల పక్కన, ఉదయం ఏడు గంటలకు సీసా ముంచి నీరు పట్టాను. మూత బిగించి, చీటీ అంటించి, పుస్తకంలో తేదీ, వేళ, చోటు రాసుకుంటున్నాను. గట్టు మీద వల బాగుచేసుకుంటున్న ముసలాయన అడిగాడు: ‘బాబూ, పోటు నీరు పట్టావా, పాటు నీరు పట్టావా?’ నాకు ప్రశ్న అర్థం కాలేదు. ఆయన దిగివచ్చి దోసిట్లో నీళ్లు తీసుకుని నాలుకకు తగిలించి ఉమ్మేశాడు. ‘ఇది పైనుంచి దిగే నీరు. మధ్యాహ్నం దాకా ఉండి ఇదే చోట పట్టు, సముద్రం దొరుకుతుంది’ అన్నాడు. నేను ఉండలేదు. ఆ రోజు ఇంకా నాలుగు చోట్ల నమూనాలు తీయాలి, జీపు డ్రైవరు హారను కొడుతున్నాడు. ఆ డ్రెయిను నీరు ‘సాగుకు అనువైనది’ అని మా నివేదికలో రాశాం. ఢిల్లీలో ఎవరూ ప్రశ్నించలేదు. ఉదయం ఏడు గంటలకు అది నిజమే మరి.

డెల్టాలో నీరు ఒకవైపే పోదు. రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది. పాయల్లోకి, తలుపులు పాడైన డ్రెయిన్లలోకి ఉప్పునీరు ఎదురెక్కుతుంది, పాటు వేళ దిగిపోతుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గరపడితే ఇంకా పైకి వస్తుంది. మీ ఊరి డ్రెయినులో కంపెనీ శుద్ధి చేసిన నీరు వదిలితే అది నేరుగా సముద్రంలోకి పోతుందని నివేదికలో బాణం గుర్తు వేసి ఉంటుంది. నిజానికి అది పాటులో రెండు కిలోమీటర్లు దిగి, పోటులో కిలోమీటరున్నర వెనక్కి రావచ్చు. అంటే వదిలిన నీరు రోజుల తరబడి ఊరి ముందే ఊగిసలాడుతుంది. మా దగ్గర ఉండే నమూనా ఫారంలో నీటి రంగుకూ వాసనకూ గడులు ఉండేవి. పోటుపాట్లకు గడి లేదు. ఫారం తయారుచేసినవాడు నదిని ఎగువన చూసి ఉంటాడు.

కాబట్టి నివేదికను మొదటి పేజీ నుంచి చదవకండి. దాని అమరిక కేంద్రం ఇచ్చిన 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌లోనే ఖరారై ఉంది, దేశమంతటా ఒకటే. మూడో అధ్యాయం ఇప్పుడున్న పరిస్థితి, నాలుగోది రాబోయే ప్రభావాలు, ఐదోది ప్రత్యామ్నాయాలు, ఏడోది ప్రమాదాల అంచనా వంటి అదనపు అధ్యయనాలు, పన్నెండోది రాసినవారి వివరాలు. ముందు మూడో అధ్యాయం తీసి నమూనాలు తీసిన పటం చూడండి. ఆ పటం పట్టుకుని, ఊళ్లో నీరు తెలిసిన ఇద్దరిని వెంట పెట్టుకుని, ఒక్కొక్క గుర్తు దగ్గరికి నడవండి. సగం రోజు పని. నాలుగు వందల పేజీలు చదివినదానికంటే ఆ నడకలో ఎక్కువ తెలుస్తుంది.

పటం మీద ఒక గుండ్రటి గీత కనిపిస్తుంది. దాని కథ చెప్పాలి. ఏ అధ్యయనంలో ఏమేమి చూడాలో నిర్ణయించే విధివిధానాలు కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ ఇస్తుంది. 2015 ఏప్రిల్‌లో ఒక్కో రంగానికి ప్రామాణిక విధివిధానాలు అచ్చువేసి పెట్టింది. భూమి మీద తవ్వే చమురు, గ్యాసు బావులకైతే పది కిలోమీటర్ల వ్యాసార్ధంలో, వర్షాకాలం కాని ఒక రుతువులో గాలి, నీరు, నేల వివరాలు సేకరించాలి. రాజస్థాన్‌లో బాడ్మేర్ ఇసుకలో తవ్వే బావికీ కోనసీమ వరిచేలో తవ్వే బావికీ దాదాపు ఒకటే ప్రశ్నాపత్రం. పొగకైతే ఆ వృత్తం కొంతవరకు పనికొస్తుంది, గాలి ఎటైనా వీస్తుంది కాబట్టి. నీటికి అస్సలు పనికిరాదు. మీ వృత్తంలో పాయకు అవతలి లంకలు పడతాయి, వాటికీ మీ చేల మురుగుకూ సంబంధమే లేదు. మీ డ్రెయిను మాత్రం మెలికలు తిరిగి ఎక్కడో మొగ దగ్గర సముద్రంలో కలుస్తుంది, అక్కడి మత్స్యకారుల పేట వృత్తం బయట ఉండిపోతుంది. కంపెనీ వదిలే నీటి కింద వల వేసేది వాళ్లు, లెక్కలో ఉండేది ఎవరో.

మీరు అడగవలసిన మొదటి మార్పు ఇదే: అధ్యయనం హద్దును నీటిని బట్టి గీయండి అని. ప్రాజెక్టు నీరు తీసుకునే కాలువ తల నుంచి, వదిలే డ్రెయిను సముద్రంలో కలిసే చోటు వరకు. అది ఇరవై కిలోమీటర్ల పొడవు, రెండు కిలోమీటర్ల వెడల్పు ఉన్న వంకర టింకర ముక్క కావచ్చు. పటం అందంగా ఉండదు. ఉండనవసరం లేదు.

ఇక రుతువు. సలహా సంస్థలకు ఇష్టమైన కాలం మార్చి నుంచి మే. రోడ్లు ఆరి ఉంటాయి, జీపు ఎక్కడికైనా పోతుంది. కానీ మన దగ్గర ఆ మూడు నెలల్లో ఏం జరుగుతుందో మీకు నేను చెప్పాలా? దాళ్వా (రబీ వరి) కోతకు వస్తుంది, ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు, డ్రెయిన్లలో నీరు అడుగంటుతుంది, మళ్లీ జూన్‌లో నీళ్లు వదిలేదాకా ఊళ్లకు చెరువు నీళ్లే గతి. ఏడాదిలో డెల్టా తనలా లేని కాలం అది. జూలైలో ఎర్రనీరు దిగినప్పుడు, ఆగస్టులో గోదావరి గట్టు అంచుకు వచ్చినప్పుడు, డ్రెయిన్ల తలుపులు మూసేసి చేలలో నీరు వారం రోజులు దిగనప్పుడు ఈ స్థలం ఎలా ఉంటుందన్నది నివేదికలో ఉండదు. చట్టప్రకారం ఉండనక్కరలేదు కూడా.

ధవళేశ్వరం దగ్గర 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు పోయాయి. 2022 జూలైలో 25 లక్షలు దాటాయి. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగుల దగ్గర ఎగురవేస్తారు. మీ నివేదికలో ‘వరద’ అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో వెతకండి. ఆ స్థలం మెరక ఎత్తు ఎంత, 1986లో అక్కడ నీరు ఎంత ఎత్తున నిలిచింది, ఈ రెండు అంకెలు పక్కపక్కన ఉన్నాయా చూడండి. లేకపోతే ఊళ్లో పాత ఇళ్ల గోడల మీద, గుడి మెట్ల మీద, బడి అరుగు మీద వరద గుర్తులు ఉంటాయి. వాటిని ఫొటో తీసి, టేపు పట్టి నేల నుంచి ఎత్తు కొలిచి, చూసినవారి పేరుతో సంతకంతో కాగితం మీద పెట్టండి. అనుమతి ఇవ్వాలో వద్దో పరిశీలించే నిపుణుల కమిటీ ముందుకు వెళ్లే రికార్డులో అది చేరితే కంపెనీ సమాధానం చెప్పక తప్పదు.

ఎందుకు ఇంత పట్టుబడుతున్నానంటే, బావి తవ్వేటప్పుడు వచ్చే బురద, రాతిపొడి నిల్వచేయడానికి ప్లాస్టిక్ పొర పరిచిన గుంటలు తవ్వుతారు. కాగితం మీద చూస్తే ఆ పొర మీద నుంచి ఒక్క చుక్క కిందికి దిగదు. మెట్టలో నిజమే. మన చేలలో సార్వా (ఖరీఫ్ వరి) రోజుల్లో గునపం దిగితే చాలు నీరు ఊరుతుంది. అలాంటి నేలలో ఒకటిన్నర మీటరు గుంట తవ్వి పొర పరిస్తే, వానాకాలంలో భూగర్భజలం కింద నుంచి ఆ పొరను పైకి తంతుంది. గాలి నిండిన దిండులా ఉబ్బి, అతుకుల దగ్గర చిరుగుతుంది. ఇలా ఉబ్బిన గుంటను నేనొకచోట కళ్లారా చూశాను. పక్కన నిలబడిన ఇంజినీరు గాలి బుడగ అన్నాడు, నేను నోరు మెదపలేదు. కాబట్టి గుంటలు వద్దు, నేల మీద ఇనుప తొట్టెలు పెట్టాలి, బురదను ఎప్పటికప్పుడు తరలించాలి, వరద హెచ్చరిక వచ్చిన ఎన్ని గంటల్లో ఖాళీ చేస్తారో రాయాలి అని అడగండి. ఇది గొంతెమ్మ కోరిక కాదు, గుంట లేకుండా తవ్వే పద్ధతి పరిశ్రమలో ఉన్నదే.

ఇంకో చిన్న విషయం, పేజీల్లో అసలు కనిపించనిది. బావి తవ్వే యంత్రం, అదే రిగ్గు, చేరడానికి చేలకు అడ్డంగా మట్టి పోసి రోడ్డు వేస్తారు. దాని పొడవు, వెడల్పు రాస్తారు. దాని కింద తూములు ఎన్ని, బోదెలు ఎక్కడ తెగుతాయి అన్నది రాయరు. చేను నుంచి చేనుకు దిగే నీరు ఆగిపోతే ఎగువ రైతు సార్వా కుళ్లిపోతుంది. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు ధరతో పాటు మురుగు దిగకపోవడమూ వాళ్లు చెప్పుకున్న బాధల్లో ఒకటి. గ్యాసు వల్ల వచ్చే నష్టం ఎప్పుడో ఒకనాటి మాట, రోడ్డు వల్ల వచ్చేది మొదటి వానకే వస్తుంది.

ఉప్పు సంగతికి వద్దాం, దీని దగ్గర చాలామంది మోసపోతారు. మన డెల్టాలో చాలాచోట్ల మంచినీరు ఉప్పునీటి మీద తేలే పలుచటి పొర. కాలువలు పారడం వల్ల, చేలలో నీరు నిలవడం వల్ల ఆ పొర బతుకుతోంది. మీ నివేదికలో బోర్ల నీటిలో లవణాలు ఇప్పటికే ఎక్కువని, దానికి రొయ్యల చెరువులు కారణమని, కాబట్టి ప్రాజెక్టు వల్ల అదనంగా వచ్చేది ‘చెప్పుకోదగ్గది కాదు’ అని ఉండే అవకాశం బాగా ఉంది. ఈ వాదన నేను కూడా రాశాను, సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాను. మొదటి సగం నిజమే. రెండో సగం తలకిందుల తర్కం. ఇప్పటికే మెడలోతు నీళ్లలో ఉన్నవాడికి ఇంకో జానెడు పెరిగితే ఏమవుతుందో లెక్కవేయాల్సింది పోయి, ఎలాగూ తడిశాడు కదా అని వదిలేయడమే ఇది.

చెరువుల మాట వచ్చింది కాబట్టి పక్కదారి పడతాను. గోదావరి జిల్లాల నేలను, నీటిని గత ముప్పై ఐదేళ్లలో అన్నింటికంటే ఎక్కువ మార్చింది ఏ కర్మాగారమూ కాదు, చేపల, రొయ్యల చెరువులు. అయినా చెరువుల సాగు ఈ 2006 నోటిఫికేషన్ జాబితాలోనే లేదు. ఉప్పునీటి సాగుకు 2005 చట్టంతో ఒక కేంద్ర ప్రాధికార సంస్థ ఉంది, రాష్ట్రంలో 2020 నుంచి ఆక్వా అభివృద్ధికి ఇంకొక సంస్థ ఉంది, రిజిస్ట్రేషన్లు, లైసెన్సులు ఉన్నాయి. కానీ ఒక డ్రెయిను పొడవునా ఉన్న వెయ్యి చెరువులు కలిసి ఆ డ్రెయినుకు ఏం చేస్తాయన్న అంచనా ఎవరి బాధ్యతా కాదు. ఒక్కొక్కటి చిన్నదే. అందరం కలిసి చేసిన పనిని కొలిచే బద్ద మన దగ్గర లేదు. మీ ఊళ్లోనూ చెరువులు ఉంటాయి, సభలో కంపెనీవాళ్లు ఆ మాట ఎత్తుతారు. దబాయించకుండా ఒప్పుకోండి. ఒప్పుకుని, అందుకే మొత్తం డ్రెయినుకు కలిపి అంచనా వేయమంటున్నాం అనండి.

కలిపి చూడటమన్నది ఒండ్రు విషయంలో ఇంకా పెద్ద లెక్క. 1970 దశకంలో గోదావరి ఏటా సగటున 15 కోట్ల టన్నుల దాకా ఒండ్రు తెచ్చేది, 1990 దశకానికి అది ఆరు కోట్ల టన్నుల లోపుకు పడిపోయిందని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కగట్టారు. ఎగువన ఆనకట్టల్లో ఆగిపోతోంది. ఒండ్రు రాని డెల్టాను సముద్రం కొరుకుతుంది. ఎగువన ఆనకట్ట చుట్టూ పది కిలోమీటర్ల వృత్తం గీస్తే అది సముద్రం ఒడ్డున ఉన్న అంతర్వేది దాకా రాదు. సభకు ముందు మీకున్న నోటీసు రోజుల్లో తేలే విషయం కాదు గనుక ఇక్కడితో ఆపుతాను.

ఏడో అధ్యాయానికి రండి. మీ ఊరికి ఇది ముఖ్యం. మీ పాయ పక్కనే పాశర్లపూడిలో 1995 జనవరి 8న మొదలైన బ్లోఅవుట్, అంటే బావి అదుపు తప్పి గ్యాసు ఎగజిమ్మడం, 65 రోజులు మండింది. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో తెల్లవారుజామున గొట్టం నుంచి లీకైన గ్యాసు ఊరి మీద పరుచుకుని అంటుకుంది, ఇరవై మందికి పైగా చనిపోయారు. ‘తెల్లవారుజామున’ అన్న మాటను పట్టుకోండి. గాలి వీస్తుంటే గ్యాసు చెదిరిపోతుంది. గాలి కదలని వేకువలో నేలను అంటిపెట్టుకుని పాకుతుంది. నివేదికలో గ్యాసు ఎంతదూరం పోతుందో చూపే వలయాలు ఉంటాయి. వాటిని ఏ గాలివేగానికి, ఏ వాతావరణ స్థిరత్వానికి లెక్కగట్టారో కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. పగటి గాలికి కట్టిన లెక్క ఒక్కటే ఉంటే, సెకనుకు ఒకటి రెండు మీటర్లకు మించని రాత్రి గాలికి, అంటే ‘ఎఫ్’ తరగతి స్థిరత్వానికి మళ్లీ కట్టమనండి. వలయం ఊళ్లోకి వస్తుందో రాదో అప్పుడు తెలుస్తుంది. వచ్చిన వలయంలో ఎన్ని ఇళ్లు, బడి ఉందా, బయటికి పోవడానికి వంతెన ఒక్కటేనా అని అడగండి. మనవైపు చాలా ఊళ్లకు బయటికి పోయే దారి ఒక్కటే, అదీ కాలువ మీదుగా.

ఇంకో సంగతి. అభయారణ్యాలు, పగడపు దిబ్బలు, సున్నిత ప్రాంతాల మీదుగా పోతేనే గ్యాసు గొట్టానికి ఈ నోటిఫికేషన్ కింద అనుమతి కావాలి. ఊళ్ల మధ్య నుంచి పోతే అక్కరలేదు, భద్రతా నియమాలు వేరే చట్టాల కింద చూసుకుంటారు. కాబట్టి మీ నివేదికలో బావుల గురించి వంద పేజీలు, ఆ బావులను కలిపే గొట్టం గురించి ఒక పేరా ఉంటే ఆశ్చర్యపడకండి. గొట్టం ఎక్కడెక్కడి నుంచి పోతుందో సర్వే నంబర్లతో పటం ఇవ్వమని సభలో అడగడానికి మాత్రం మీకు ఏ అడ్డూ లేదు.

ఐదో అధ్యాయం, ప్రత్యామ్నాయాలు, రెండు పేజీలే ఉంటుంది. వేరే స్థలాలు పరిశీలించారా అంటే, ‘వనరు ఇక్కడే ఉంది గనుక ప్రత్యామ్నాయం లేదు’ అంటారు. దీని వెనుక ఒక మలుపు ఉంది. 2020 జనవరిలో చేసిన సవరణతో గ్యాసు అన్వేషణ బావులను బీ2 తరగతికి మార్చారు. ఆ తరగతికి ప్రభావ నివేదిక అక్కరలేదు, ప్రజాభిప్రాయ సేకరణా అక్కరలేదు. గ్యాసు దొరికాక ఉత్పత్తికి అనుమతి అడిగేటప్పుడే ఊరి ముందుకు వస్తారు. అప్పటికి బావి అక్కడ ఉంటుంది, రోడ్డు ఉంటుంది, ఖర్చు పెట్టి ఉంటారు. పెళ్లయ్యాక పిల్లను చూపించి నచ్చిందా అని అడిగినట్టు. అయినా ఒక ప్రత్యామ్నాయం మిగిలే ఉంటుంది. ఏటవాలుగా తవ్వే పద్ధతి ఉంది, ఒకే చోటు నుంచి నాలుగైదు బావులు తవ్వవచ్చు. ఐదు చేలు ఎందుకు, ఒక చోటు ఎందుకు చాలదు అని అడగండి.

జీవజాతుల జాబితా దగ్గర ఎక్కువసేపు ఆగకండి. ఒకసారి కోనసీమ నివేదిక చిత్తుప్రతిలో చెట్ల జాబితా తిరగేస్తే టేకు, తుమ్మ, వేప అన్నీ ఉన్నాయి, కొబ్బరి లేదు. వేరే జిల్లా నివేదిక నుంచి తెచ్చి అతికించారు. ఇలాంటిది మీకు దొరికితే నవ్వుకుని వదిలేయకండి. అతికించిన పేజీ ఒకటి ఉంటే ఇంకా ఉంటాయి. కావాలని తప్పుడు సమాచారం ఇస్తే, లేదా దాచిపెడితే దరఖాస్తును తిరస్కరించవచ్చని, ఇచ్చిన అనుమతిని రద్దు చేయవచ్చని అదే నోటిఫికేషన్ చెబుతోంది. పేజీ నంబరుతో రాసి పెట్టుకోండి.

సభ గురించి. కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. కాలుష్య నియంత్రణ మండలి ఏర్పాటు చేస్తుంది, కలెక్టరు లేదా అదనపు జిల్లా మేజిస్ట్రేటు స్థాయికి తగ్గని అధికారి అధ్యక్షత వహిస్తారు. కోరం అంటూ లేదు, పదిమంది వచ్చినా జరిగినట్టే, కాబట్టి బహిష్కరిస్తే ఆగిపోతుందనుకోకండి. అంతా వీడియో తీయాలి. చివర్లో లేవనెత్తిన అంశాలను తెలుగులో చదివి వినిపించాలి. ఆ చదివేటప్పుడు సగం జనం ఇళ్లకు వెళ్లిపోయి ఉంటారు, షామియానా విప్పడానికి కుర్రాళ్లు నిలబడి ఉంటారు. మీరు మాత్రం కదలకండి. మీరు అడిగిన ప్రశ్న ఆ కాగితంలో ఉందో లేదో విని, లేకపోతే అక్కడే చెప్పి చేర్పించండి. నేను చూసిన సభల్లో ముప్పాతిక సమయం ఉద్యోగాలు, గుడికి చందా, రోడ్డు, మంచినీళ్ల ట్యాంకు మీదే పోయింది. అడగడం తప్పనను. అయితే ఆ సభ నివేదికలో ‘ప్రజలు స్థానికులకు ఉపాధి కోరారు’ అన్న ఒక్క వాక్యంగా మారి, ప్రాజెక్టును స్వాగతించినట్టు చదువుకోబడుతుంది. నీటి ప్రశ్నలు నలుగురు పంచుకుని, తలా ఒకటి, పేజీ నంబరుతో అడిగి, రాతప్రతి ఇచ్చి, దానికి రశీదు తీసుకోండి. తుది నివేదికలో ప్రతి అంశానికీ కంపెనీ జవాబు ఉండాలి. నేరుగా మంత్రిత్వశాఖకు కూడా రాయవచ్చు.

ఇక అసలు ఈ అంచనాలను బాగుచేయడం ఎలా అన్న మీ పెద్ద ప్రశ్న. దీనికి నా అభిప్రాయం చాలామంది సహోద్యోగులకు నచ్చదు. అధ్యయనం చేసేవాడికి జీతమిచ్చేది ప్రాజెక్టు పెట్టేవాడు అయినంతకాలం ‘స్వల్పం’ అన్న మాటే రాస్తాడు. నాబెట్ అనే జాతీయ మండలి గుర్తింపు ఉన్న సంస్థలే నివేదికలు రాయాలన్న నియమం వచ్చాక భాష, పట్టికలు మెరుగుపడ్డాయి, జీతమిచ్చేవాడు మారలేదు. అంచనాలకు, పర్యవేక్షణకు స్వతంత్ర జాతీయ నియంత్రణ సంస్థ పెట్టాలని సుప్రీంకోర్టు 2011లో లఫార్జ్ కేసులో చెప్పింది, 2014 జనవరిలో గడువు పెట్టి మళ్లీ చెప్పింది. ఆ సంస్థ రాలేదు. నెదర్లాండ్స్‌లో, అదీ మనలాగే డెల్టా దేశమే, 1987 నుంచి ఒక స్వతంత్ర కమిషన్ ఉంది. ఏమి చూడాలన్నది మొదట్లోనూ, చూసింది సరిపోయిందా అన్నది చివర్లోనూ అది చెబుతుంది. కంపెనీ డబ్బును ఒక ఉమ్మడి నిధిలో జమ చేయించి, సలహాదారును ఆ నిధి తరఫున ఎవరైనా నియమిస్తే నా వంటివాళ్లు సగం నిజాయతీగా మారతారు. మిగతా సగం మా స్వభావం.

దానికంటే చవకైన మార్పు ఇంకొకటి ఉంది, ఊరిని అడిగే సమయాన్ని ముందుకు జరపడం. ఇప్పుడు ఊరిని పిలిచేది నివేదిక రాసేశాక. విధివిధానాలు ఖరారు చేసేటప్పుడు పిలిస్తే, వల బాగుచేసుకునే ముసలాయన అడిగిన ఆ ఒక్క ప్రశ్న అధ్యయనంలోకి వచ్చేది. దరఖాస్తులు, కమిటీ ఎజెండాలు మంత్రిత్వశాఖ ‘పరివేశ్’ వెబ్‌సైటులో పెడతారు. వచ్చే ప్రాజెక్టుకైనా ఎజెండాలో మీ మండలం పేరు కనిపించిన రోజే ఊరి తరఫున ఒక ఉత్తరం పంపండి: ఈ డ్రెయిను ఫలానా మొగ దాకా చూడండి, వరద రోజుల్లోనూ కాలువలు కట్టిన రోజుల్లోనూ చూడండి, పోటుకూ పాటుకూ విడిగా చూడండి. ఒక్క పేజీ చాలు.

మూడోది ఎవరూ పట్టించుకోనిది. అంచనా అంటేనే జోస్యం. జోస్యం నిజమైందా లేదా అని వెనక్కి వెళ్లి చూడమని ఇరవై రెండేళ్లలో నన్ను ఒక్కరూ పంపలేదు. అనుమతి వచ్చాక కంపెనీ ఏటా జూన్ 1న, డిసెంబరు 1న షరతుల అమలు మీద నివేదిక ఇవ్వాలి, తన వెబ్‌సైటులో పెట్టాలి. అందులోని అంకెలను నాలుగో అధ్యాయంలోని జోస్యం పక్కన పెట్టి చూసే పని మీ ఊళ్లో డిగ్రీ చదివే పిల్లలు చేయగలరు. అందుకు మీ సొంత లెక్క కూడా ఉండాలి. నీటిలో కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటరు, కొన్ని వందల రూపాయలకు దొరికేది, ఒకటి కొని, ఊరి చుట్టూ పది బోర్లు ఎంచుకుని, బావి తవ్వకముందు నుంచే నెలకోసారి ఒకే తేదీన కొలిచి నోటుపుస్తకంలో రాయండి. డ్రెయిను దగ్గర పోటుకొకసారి, పాటుకొకసారి. నేల కుంగుతోందన్న అనుమానం మీవైపు చాలామందికి ఉంది. అనుమానాన్ని తేల్చాలంటే తవ్వకానికి ముందే కాంక్రీటు దిమ్మలు పాతి, వాటి ఎత్తు కొలిపించి, ఏటా మళ్లీ కొలవాలని ఒక షరతుగా అడగండి. ముందు కొలవనిదాన్ని తర్వాత ఏ కోర్టులోనూ రుజువు చేయలేం.

అనుమతి ఇచ్చేస్తే జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలుకు 30 రోజులు, తగిన కారణం చూపితే ఇంకో 60 రోజుల దాకా గడువు ఉంటుంది. మనకు చెన్నై బెంచి. సభలో రాతపూర్వకంగా అడిగిన ప్రశ్నలు, వాటి రశీదులు అక్కడ పనికొస్తాయి.

ఇప్పుడు చేయాల్సింది ఒక్కటి. మూడో అధ్యాయం వెనుక అనుబంధంలో ప్రయోగశాల ఇచ్చిన ఫలితాల కాగితాలు ఉంటాయి, వాటి మీద నమూనా తీసిన తేదీ ఉంటుంది, కొన్నిటి మీద వేళ కూడా ఉంటుంది. డ్రెయిను నీటివి, పాయ నీటివి ఫోనుతో ఫొటో తీసి పంపండి. తేదీ ఉంటే తిథి తెలుస్తుంది, తిథి తెలిస్తే మీ మొగ దగ్గర ఆ వేళకు పోటో పాటో మీ ఊరి జాలరులు పంచాంగం చూడకుండానే చెబుతారు. వాళ్ల మాటా, కాగితం మీది ఉప్పు అంకే పక్కపక్కన పెట్టుకుని ప్రశ్న ఎలా రాయాలో కలిసి చూద్దాం. సభకు ఇంకా ఎన్ని రోజులుందో మీరు రాయలేదు, అది కూడా చెప్పండి.